నా వేళ్ళు కాపాడిన వాళ్ళందరికీ

నేను విజయనగరంలో తొమ్మిదేళ్ళుగా సైకిల్ మీద పాల ప్యాకెట్లు వేస్తున్నాను. తెల్లవారుజామున నాలుగున్నరకి కోట దగ్గరికి వ్యాను వస్తుంది. అక్కడ సరుకు దించుకుని మూడు లాంతర్లు జంక్షను, గంటస్తంభం చుట్టుపక్కల వీధులు, ఆఖర్న దాసన్నపేట. మొత్తం తొంభై ఆరు ఇళ్ళు. పోయినేడాది ధనుర్మాసంలో పదకొండు రోజులు లైను మానేశాను. ఈ ఏడాది ధనుర్మాసం వెళ్ళి భోగి మంట కూడా చల్లారింది, ఒక్క రోజు మానలేదు. ఇది నా ఒక్కదాని వల్ల అయిన పని కాదు. అందుకే ఇది రాస్తున్నాను.

సంగతి తెలియని వాళ్ళ కోసం ముందు నా జబ్బు గురించి చెప్తాను. సిరిమాను సంబరం అయి, దీపావళి దాటితే చాలు, పొద్దున్న సైకిలెక్కిన పది నిమిషాలకి నా వేళ్ళు తెల్లబడిపోయేవి. పాలిపోవడం కాదు, సున్నం పూసినంత తెలుపు. చూపుడు వేలు, మధ్య వేలు సగం వరకు తెలుపు, అక్కడ గీత గీసినట్టు ఆగి, కింద మామూలు రంగు. కాసేపటికి ఆ తెలుపు నీలంగా మారేది. ఇంటికొచ్చి చేతులు వెచ్చబడుతుంటే ఎర్రగా కంది, సూదులతో పొడిచినట్టు మంట. మొద్దుబారిన వేళ్ళతో బ్రేకు ఎంత నొక్కానో కూడా తెలిసేది కాదు. ఒకసారి అయ్యకోనేరు గట్టు దగ్గర అలాగే ఆగలేక ఒక ముసలాయన మీదికి వెళ్ళబోయాను. ఆ రోజే లైను మానేశాను.

"మన ఊళ్ళో చలేటి, లంబసింగిలో ఉన్నట్టు చెప్తావు" అని చాలామంది అన్నారు. నేనూ అలాగే అనుకుని సిగ్గుపడి ఎవరికీ చూపించలేదు. ఒకచోట నరాల బలహీనత అని బలానికి ఇంజక్షన్లు రాశారు, రెండు నెలలు చేయించుకున్నాను. గాలి సోకిందని తాడు కట్టించుకున్నాను. కుంపటి మీద చేతులు కాచుకుంటే స్పర్శ తెలియక రెండు వేళ్ళు బొబ్బలెక్కాయి. ఈ ఒక్క పని మాత్రం దయచేసి ఎవరూ చెయ్యకండి. మొద్దుబారిన వేళ్ళని నిప్పు దగ్గరా, సలసల కాగే నీళ్ళలోనూ పెట్టకూడదు. గోరువెచ్చని నీళ్ళు, లేదా మన చంకలు చాలు.

మొట్టమొదటి దండం దాసన్నపేటలో ఉండే మాస్టారికి. రిటైరైన సైన్సు మాస్టారు. ప్యాకెట్ అందిస్తుంటే గేటు లైటు కింద నా చెయ్యి చూసి, "ఆగమ్మా, ఆ వేళ్ళు ఇలా తే" అని వెంటనే ఫోనుతో ఫొటో తీశారు. డాక్టరు దగ్గరికి వెళ్ళేసరికి రంగు మామూలైపోతుంది, ఏమీ లేదంటారు, ఈ ఫొటో చూపించమన్నారు. దీనికి రేనో జబ్బని పేరుందనీ, మారిస్ రేనో అనే ఫ్రెంచి డాక్టరు 1862లోనే దీని గురించి రాశాడనీ ఆయనే చెప్పారు. నా వేళ్ళకొచ్చిన దానికి నూట అరవై ఏళ్ళ కిందటే పేరుందని విన్నాక నాకు సగం టెన్షన్ తగ్గింది. నేను పిచ్చిదాన్ని కాను, వంకలు పెట్టడం లేదు అని నాకు నేను చెప్పుకోగలిగాను.

రెండో దండం పెద్దాసుపత్రి డాక్టరమ్మకి. బయట ఎంత రద్దీ ఉన్నా ఆ ఫొటోని పెద్దది చేసి చూశారు. కీళ్ళ నొప్పులున్నాయా, చర్మం బిగుసుకుంటోందా, మింగడానికి ఇబ్బందా, వేళ్ళ చివర పుళ్ళు పడ్డాయా అని ఒక్కొక్కటే అడిగారు. గోరు మొదట్లో నూనె చుక్క వేసి, కళ్ళు చూసే పరికరంతో అక్కడి సన్న రక్తనాళాలు చూశారు. రక్తపరీక్ష రాశారు. కొందరిలో దీని వెనక వేరే పెద్ద జబ్బు ఉంటుందట, అది ఉందో లేదో ముందు చూడాలట. నాకు లేదు. ముక్కు దిబ్బడకి నేను షాపులో కొని వేసుకునే మాత్ర కూడా రక్తనాళాల్ని బిగిస్తుందని, అది మానేయమన్నారు. చలి నెలలకి మాత్రం ఒక మందు రాశారు. ఆ మందు పేరు ఇక్కడ రాయను. ఎవరికి వాళ్ళు చూపించుకోవాలి.

ఆవిడ చెప్పిన ఒక మాట నాకు బాగా పట్టింది. "చెరువులో నీళ్ళు తగ్గితే ముందు ఎండేది ఏ మడి?" అని అడిగారు. శివారు మడి అన్నాను. మాది గంట్యాడ పక్క పల్లె, ఆ సంగతి మాకు వేరే చెప్పక్కర్లేదు. "నీ వేళ్ళు శివారు మడమ్మా. ఒళ్ళు చల్లబడితే శరీరం గుండెకీ పొట్టకీ రక్తం దాచుకుని, వేళ్ళకి మదుం, అదే తూము, మూసేస్తుంది. అందరికీ కొంచెం మూస్తుంది, నీకు పూర్తిగా మూసేస్తుంది. చేతులకి ఎన్ని తొడిగినా ఛాతీ చల్లగా ఉంటే ఆ మదుం తెరుచుకోదు." అప్పటి దాకా నేను చీర మీద పల్చని శాలువా కప్పుకుని, చేతులకి మాత్రం రెండేసి గ్లౌజులు వేసుకునేదాన్ని. ఇప్పుడు లోపల బనియను, పైన స్వెటరు, దాని మీద గాలి దూరని రెయిన్‌కోటు, తలకి మఫ్లరు. ఇంట్లోంచి బయల్దేరే ముందే వేసుకుంటాను, చలేశాక కాదు. సగం జబ్బు అక్కడే తగ్గింది.

మిగతా సగానికి కారణం సైకిలు. గాలి లేని రోజు కూడా మనం తొక్కుతుంటే గాలి ఎదురొస్తుంది, ముందుగా తగిలేది వేళ్ళకే. బిగుతు గ్లౌజులు వేసుకుంటే రక్తం ఇంకా తగ్గుతుంది. నూలు గ్లౌజులు ప్యాకెట్ల తడి పీల్చుకుని మరింత చల్లబడతాయి. దీనికి దారి చూపింది మా వీధి చివర టైలర్ బాబాయి.

ఆటో సీటు కుట్టగా మిగిలిన రెక్సిన్ ముక్కలు, మా అత్తగారి పాత కంబళి పట్టుకెళ్ళి, హ్యాండిల్‌కి రెండు సంచుల్లాంటివి కావాలన్నాను. బాబాయి నా సైకిల్‌ని తన షాపు లోపలికి తెప్పించుకుని, నన్ను ఎక్కి కూర్చోమని, నా మణికట్టు ఎక్కడిదాకా వస్తుందో సుద్దతో గీత గీశారు. మొదటిది కుట్టాక చెయ్యి దూరింది కానీ చప్పున బయటికి రాలేదు. "పడిపోతే చెయ్యి ముందు రావాలి తల్లీ" అని అక్కడికక్కడే కుట్టంతా ఊడదీశారు. రెండోది మెత్తగా ఉండి బ్రేకు మీదికి వాలిపోయింది. మూడోసారి నోటి చుట్టూ పాత బ్రేకు వైరు ఒకటి మడతలో పెట్టి కుట్టారు. ఇప్పుడది గుండ్రంగా తెరుచుకునే ఉంటుంది. పైన రెక్సిన్, లోపల కంబళి, మధ్యలో నా చెయ్యి వదులుగా. బ్రేకు, బెల్లు రెండూ లోపలే, వేలికి తెలుస్తూ ఉంటాయి. మూడు రోజుల పనికి అరవై రూపాయలు తీసుకున్నారు, అదీ దారానికి అన్నారు. బాబాయ్, మీ రుణం నేను తీర్చలేను.

సైకిల్ షాపు అన్నయ్య బ్రేకు పిడులకి పాత ట్యూబు సన్నగా కోసి చుట్టారు. ఇనుము ఒంట్లో వేడిని లాగేస్తుంది, రబ్బరు అలా లాగదు. చిన్న పనే అనిపిస్తుంది, కానీ పొద్దున్న అయిదింటికి ఆ ఇనుము ముట్టుకున్న వాళ్ళకి తెలుస్తుంది.

వ్యాను డ్రైవరు బాబాయి గురించి చెప్పకపోతే తప్పు. ఐసు నీళ్ళు కారే ట్రేలోంచి ప్యాకెట్లు నేను తియ్యకుండా, ఆయనే తువ్వాలుతో తుడిచి నా పాల సంచుల్లో సర్దుతారు. ఆయనకీ వెనకాల నాలుగు ఊళ్ళ సరుకు ఉంది, అయినా ఒక్క రోజు విసుక్కోలేదు. మా లైనులో ఇళ్ళవాళ్ళు చాలామంది గేటుకి సంచీ తగిలించడం మొదలుపెట్టారు. ప్యాకెట్ తీసేటప్పుడు ఇంటి పనికి వాడే రబ్బరు గ్లౌజు ఒకటి తొడుక్కుంటాను, వేసేసి తీసేసి మళ్ళీ పొడి చెయ్యి కంబళిలోకి. తడి తగలకుండా చూసుకోవడమే అన్నిటికంటే ముఖ్యమని నా అనుభవం.

గంటస్తంభం దగ్గర పేపర్లు మడతపెట్టే తమ్ముడు నాకు ఒక చిట్కా నేర్పాడు. వేళ్ళు జివ్వుమనడం మొదలవగానే సైకిల్ దిగి, ఫాస్ట్ బౌలర్‌లా చెయ్యి భుజం నుంచి పెద్ద చక్రంలా ఇరవై సార్లు తిప్పాలి. రక్తం వేళ్ళ చివరికి విసిరినట్టు వస్తుంది. నిజంగా వస్తుంది. నడివీధిలో తిప్పడానికి నేను మొహమాటపడితే, మొదటి వారమంతా వాడు కూడా పేపర్లు పక్కన పెట్టి నాతో పాటు తిప్పాడు. తమ్ముడూ, నువ్వు డిగ్రీ పూర్తి చెయ్యాలి, అది నేను చూడాలి.

ఇంకో అమ్మగారు వాళ్ళబ్బాయి చేత ఇనప పొడి పొట్లాలు తెప్పించి ఇచ్చారు. కవరు చింపి గాలి తగలనిస్తే ఆ పొడి మెల్లగా తుప్పు పడుతూ కొన్ని గంటలు వెచ్చగా ఉంటుంది. బాగా మంచు పడే రోజుల కోసం దాచుకున్నాను. అది కూడా గుడ్డలో చుట్టి కంబళి సంచిలో పడేస్తాను, చర్మానికి ఆనించను.

ఇప్పటికీ ఒక్కోసారి ఉంగరం వేలు తెల్లబడుతుంది. మా చిన్నది రోజూ నేను రాగానే చేతులు రెండూ తిప్పి చూసి, "ఇవాళ పది పాసు", "ఇవాళ తొమ్మిది" అని కేలండర్ మీద రాస్తుంది. ఈ నెలలో పద్దెనిమిది రోజులు పదికి పది.

టైలర్ బాబాయి కుట్టిన సంచీకి కాగితం అచ్చు ఒకటి నా దగ్గర ఉంది. మీకు గానీ, మీ ఇంట్లో వాళ్ళకి గానీ ఇలా వేళ్ళు తెల్లబడుతుంటే ముందు ఫొటో తీసి డాక్టరుకి చూపించండి. సంచీ కావాలంటే అయిదు, అయిదుంపావు మధ్య నా సైకిలు గంటస్తంభం దగ్గర ఆగి ఉంటుంది, చెయ్యి పెట్టి చూసుకోండి. అచ్చు మీద గీసుకోవడానికి ఒక పాత పేపరు తెచ్చుకోండి, మీ హ్యాండిల్ కొలత కూడా.