గని నీటి నమూనా వానలో తీయాలి

సంపాదకులకు,

గనుల పర్యావరణ అనుమతుల మీద చర్చ ఎప్పుడొచ్చినా రెండు విషయాల దగ్గరే ఆగిపోతోంది. పర్యావరణ ప్రభావ అంచనాపై కేంద్రం ఇచ్చిన 2006 నోటిఫికేషన్‌లో ప్రజాభిప్రాయ సేకరణకు ఉన్న 30 రోజుల గడువును 20కి తగ్గించాలన్న 2020 ముసాయిదా ఒకటి. పర్యావరణ పరిరక్షణ చట్టంలో ఐదేళ్ల దాకా జైలు ఉన్నచోట 10 వేల నుంచి 15 లక్షల రూపాయల జరిమానా పెట్టిన 2023 జనవిశ్వాస్ చట్టం రెండోది. రెండింటి మీదా మాట్లాడాల్సిందే. కానీ గోదావరిలో కలిసే వాగులు ఎర్రబడేది ఓబీ గుట్టల (బొగ్గు కోసం తవ్వి పోసిన పైమట్టి, రాళ్ల దిబ్బల) కింద, ఆ మట్టి నీళ్లను నిలిపి తేర్చే సెటిలింగ్ చెరువు దగ్గర. అక్కడికి ఈ చర్చ రావడం లేదు.

మన గోదావరి లోయ బొగ్గులో గంధకం తక్కువ. అందుకే మేఘాలయలో లాగా యాసిడ్ నీళ్ల బెడద ఇక్కడ అంతగా లేదు. మనకు చేటు మట్టితోనే. గుట్ట అడుగున రాతి గోడ, చుట్టూ కాలువ, కాలువ చివర చెరువు ఉండాలని అందరికీ తెలుసు. లెక్క తప్పేది చెరువు దగ్గర. 250 ఎకరాల గుట్ట మీద 5 సెంటీమీటర్ల వాన పడితే సుమారు 50 వేల ఘనపు మీటర్ల నీళ్లు. సగమే జారి వచ్చినా, 2 మీటర్ల లోతున నిలపాలంటే మూడెకరాల చెరువు కావాలి. ఇసుక నిమిషాల్లో అడుగుకు చేరుతుంది. 2 మైక్రాన్ల (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్) బంకమట్టి రేణువు ఒక్క మీటరు దిగడానికి మూడు రోజులు పడుతుంది, అదీ నీళ్లు కదలకుండా ఉంటేనే. నిరుటి పూడిక తీయకుండా మిరుగు కార్తె వచ్చేస్తే ఆ 2 మీటర్ల లోతు కాగితం మీదే మిగులుతుంది. నీళ్లు వచ్చే తూము, పోయే తూము పక్కపక్కనే పెట్టినచోట చెరువు ఎంత పెద్దదైనా వరద అడ్డదారిన బయటపడుతుంది. బిందెలో పటిక తిప్పితే మట్టి ముద్దకట్టి దిగినట్టే ఇక్కడా దిగుతుంది గానీ, వరద ముంచుకొచ్చే గంటలో పటిక కలిపే ఏర్పాటు ముందే సిద్ధంగా ఉండాలి.

బొగ్గు గని వదిలే నీటిలో తేలియాడే మట్టి లీటరుకు 100 మిల్లీగ్రాములు దాటకూడదు. ఆ నీళ్లు సీసాలో పట్టి చూస్తే కాస్త మసకగా ఉంటాయి, అంతే. చాయ్ రంగులో పారే నీళ్లు ఆ హద్దు ఎప్పుడో దాటేసినట్టు. నిబంధన ప్రకారం పరీక్ష పదిహేను రోజులకోసారి. మధ్యలో రెండు గంటలు దంచికొట్టిన వాన ఆ లెక్కకు చిక్కదు. డిసెంబరు నమూనా పాసైందంటే ఆశ్చర్యమేముంది, అప్పుడు చెరువులో ఉండేది తేరుకున్న నీరే.

కాబట్టి అనుమతి పత్రంలోనే ఈ షరతులు రాయాలి. మే నెలాఖరుకు పూడిక తీసి, చెరువులో లోతు కొలిచే కర్ర పాతాలి. 3 సెంటీమీటర్లు దాటిన ప్రతి వానలో, నీరు పారుతుండగానే, వాగులో గని కాలువ కలిసే చోటుకు ఎగువన ఒక సీసా, దిగువన ఒక సీసా పట్టాలి. అనుమతి షరతుల అమలుపై గని యాజమాన్యం ఏటా జూన్ 1, డిసెంబరు 1న ఇచ్చే నివేదికల్లో వాన తేదీ పక్కనే ఆ రెండు అంకెలూ ఉండాలి, గ్రామ పంచాయతీ గోడ మీద కూడా. దీనివల్ల ఏ గనికీ అనుమతి ఒక్కరోజు ఆలస్యం కాదు. ఎగువ సీసా మాత్రం మరిచిపోకూడదు. అది లేకపోతే మట్టి పై పొలాల నుంచి వచ్చిందంటారు, కాదనడానికి మన చేతిలో ఏమీ ఉండదు.

– ఒక పాఠకుడు, హనుమకొండ