వార్షిక నివేదిక: ఈ ఏడాది మన బల్ల దగ్గర ఏం జరిగింది

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది కూడా ఆదివారం మధ్యాహ్నం ఆటలు దాదాపు ఆగకుండా సాగాయి. వానలకు రోడ్లు మునిగిన వారాల్లో మాత్రం కలవలేకపోయాం. డంజన్స్ అండ్ డ్రాగన్స్ (ఒక్కొక్కరు ఒక క్యారెక్టర్‌గా మారి, డైస్ వేస్తూ కలిసి కథ నడిపించే ఆట) పాత క్యాంపెయిన్, అంటే వారాల తరబడి సాగే కథ, ముగిసి కొత్తది మొదలైంది. జమాఖర్చుల కాగితం విడిగా పంపాను. ఈ నివేదికలో ఎక్కువ చోటు ఒక్క విషయానికే ఇస్తున్నాను: డీఎం (డంజన్ మాస్టర్, అంటే ఆట నడిపే వ్యక్తి) డైస్ ఫలితాన్ని ఎవరికీ తెలియకుండా మార్చవచ్చా అన్నది. దాని వల్ల మన సంఘం రెండుగా చీలిపోతుందేమోనని నాకు నిజంగా టెన్షన్ పట్టుకుంది.

ఆ రోజు లేని వాళ్ల కోసం చెబుతున్నాను. కొత్తగా చేరిన ఒక సభ్యురాలి క్యారెక్టర్ మీదికి ఓగర్ అనే భూతం గద ఎత్తింది. మన డీఎం తన ముందు నిలబెట్టుకునే అడ్డు (స్క్రీన్) వెనుక ఇరవై ముఖాల డైస్ వేశాడు. ఇరవై పడింది. ఇరవై పడితే దెబ్బ ఎంతో తేల్చడానికి వేసే డైస్ రెట్టింపవుతాయి. రెండో లెవెల్ క్యారెక్టర్ దానికి తట్టుకోవడం కష్టం. ఆయన మాత్రం "తగల్లేదు" అన్నాడు. రెండు నెలల తర్వాత టీ తాగుతూ మాటల్లో ఈ సంగతి బయటపెట్టాడు. ఆమె కాసేపు ఏమీ అనలేదు. తర్వాత అడిగింది: "అన్నా, మరి ఆ తర్వాత నేను గెలిచినవన్నీ నేను గెలిచినవేనా, నువ్వు గెలిపించినవా?"

ఆ ప్రశ్నకు ఆయన దగ్గర జవాబు లేదు. నిజం చెప్పాలంటే మా ఎవరి దగ్గరా లేదు.

ఆయన ఉద్దేశం మంచిదే. మొదటి క్యారెక్టరే చచ్చిపోతే కొత్తమ్మాయి మళ్లీ రాదేమోనని భయపడ్డాడు. పైగా 2014లో వచ్చిన డీఎంల నియమాల పుస్తకమే ఇందుకు ఒప్పుకుంటుంది. స్క్రీన్ వెనుక పడిన డైస్‌ను అవసరమైతే మార్చుకోవచ్చని, అయితే తరచుగా వద్దని, మార్చినట్టు ఆటగాళ్లకు తెలియనివ్వొద్దని అందులో ఉంది. నాకు అభ్యంతరం ఆ చివరి మాట మీదే. నియమాన్ని దాచిపెడితేనే పని జరుగుతుందంటే, అది బల్ల చుట్టూ కూర్చున్న అందరి నియమం కాదు. ఇంకో దారి లేదా అంటే ఉంది. 2010లో వచ్చిన అపోకలిప్స్ వరల్డ్‌లో ఆట నడిపేవాళ్లు అసలు డైస్ వేయరు, వేసేది ఆటగాళ్లే.

మూడు ఆదివారాలు ఆట పక్కనపెట్టి మాట్లాడుకున్నాం. చివరికి అందరూ ఒప్పుకున్న పద్ధతి ఇది. పోరాటంలో డీఎం వేసే ప్రతి డైస్ బల్ల మధ్యలో పడాలి. ఎంత పడితే తగులుతుందో వేయకముందే చెప్పాలి. పొంచి ఉన్న శత్రువు, దాచిన తలుపు లాంటివి ముందే తెలిస్తే ఆట చెడుతుంది కాబట్టి వాటికి మాత్రం స్క్రీన్ ఉంటుంది. ఇక క్యారెక్టర్ల చావు సంగతి. ఎవరూ చావకూడదని ఒక జట్టు అనుకుంటే అందులో తప్పేమీ లేదు. కానీ ఆ మాట సెషన్ జీరోలోనే, అంటే ఆట మొదలుకాకముందు అందరూ కూర్చుని మాట్లాడుకునేటప్పుడే అనుకోవాలి. ఓడిన క్యారెక్టర్ బందీగా పట్టుబడుతుందా, చెయ్యి పోగొట్టుకుంటుందా అన్నది అప్పుడే తేల్చుకోవాలి. దయ చూపించదలిస్తే ముందే, అందరికీ తెలిసేలా చూపిద్దాం.

ఆటగాళ్ల వైపు నుంచి కూడా ఒక గొడవ వచ్చింది. ఒక కుర్రాడికి పదే పదే పెద్ద అంకెలే పడుతున్నాయని, అవి శకుని పాచికలని ఎవరో అనేశారు. ఆ మాట అనకుండా ఉండాల్సింది. డైస్ చేతిలోకి తీసుకుని చూస్తే అది కార్డుల ఆటలో ప్రాణాలు లెక్కపెట్టుకునే ఇరవై ముఖాల పాచిక. మామూలు దాంట్లో ఎదురెదురు ముఖాలు కలిపితే 21 వచ్చేలా, పెద్ద అంకెలు అంతటా చెదిరి ఉంటాయి. దీంట్లో అంకెలు వరసగా ఉండటం వల్ల పెద్దవన్నీ ఒకే వైపు చేరతాయి. బాగా దొర్లిస్తే ఫర్వాలేదు గానీ, మెల్లగా జారవిడిస్తే ఫలితం ఒక వైపుకు మొగ్గవచ్చు. ఆ తేడా పాపం ఆ అబ్బాయికి తెలియదు. మాట అన్న సభ్యుడు అందరి ముందూ క్షమాపణ చెప్పాడు. ఇప్పుడు బల్ల మీద సంఘం డైస్ ఉంటాయి, ఎవరైనా వాడుకోవచ్చు.

డీఎంల బాధ కూడా వినాలి. వారమంతా ఆఫీసు పని అయ్యాక రాత్రిళ్లు కూర్చుని మ్యాపులు గీసుకుని వస్తారు. అదే కథను ముందే చదివేసి వచ్చిన ఆటగాడు ఉచ్చు ఎక్కడుందో తెలిసి పక్కనుంచి నడిచి వెళ్తే, ఆ కష్టమంతా ఒక్క నిమిషంలో పోతుంది. దెబ్బ తగిలాక హిట్ పాయింట్లు (క్యారెక్టర్‌కు మిగిలిన ప్రాణం లెక్క) తగ్గించుకోవడం "మర్చిపోవడం" కూడా అలాంటిదే. డీఎం మన షీట్లు (క్యారెక్టర్ వివరాలు రాసుకునే కాగితాలు) తనిఖీ చేయడు. మనల్ని నమ్మే ఆట నడుపుతాడు.

కొత్త పద్ధతి వచ్చాక ఆ సభ్యురాలి క్యారెక్టర్ బల్ల మధ్యలో, అందరి కళ్లముందు పడిన డైస్‌కు చనిపోయింది. ఆమెకు ఏడుపొచ్చింది. డీఎం కూడా కాసేపు మాట్లాడలేకపోయాడు. తర్వాతి ఆదివారం ఆమె అందరికంటే ముందే వచ్చి కొత్త షీట్ నింపుకుంటూ కూర్చుంది.

రాబోయే ఏడాదికి రెండో డీఎం కావాలి. ఒక్కరి మీదే ఇంత భారం వేయడం న్యాయం కాదు. ఆసక్తి ఉన్నవాళ్లు ఉగాదిలోపు నాకు చెప్పండి. మొదటి నాలుగు ఆటలకు పాత డీఎం పక్కన కూర్చుంటానన్నాడు.

ఇట్లు,
కార్యదర్శి