ఇంజెక్షన్ కన్నా ముందు ఇన్హేలర్ ఎలా పీలుస్తున్నారో చూడండి

సంపాదకుడు గారికి,

అయ్యా,

"బెంగళూరు గాలి పడలేదు" అన్న మాటతోనే మన తెలుగువాళ్లు ఏళ్ల తరబడి ఆస్తమాను నెట్టుకొస్తున్నారు. మారతహళ్లి, కె.ఆర్.పురం, వైట్‌ఫీల్డ్, ఎక్కడ చూసినా ఇదే తంతు. ఆయాసం వస్తే మందుల షాపులో నీలం ఇన్హేలర్, అది ఆగకపోతే చీటీ లేకుండానే అయిదు రోజుల ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ బిళ్లలు. ఏడాదికి మూడు నాలుగు సార్లు ఇలా గడిచాక పెద్ద ఆసుపత్రికి వెళ్తే, అక్కడ ఖరీదైన బయొలాజిక్ (అలర్జీ వాపును పుట్టించే పదార్థాలను అడ్డుకునే) ఇంజెక్షన్ల మాట ఎత్తుతారు. ఈ షాపుకీ ఆ ఇంజెక్షన్‌కీ మధ్య జరగాల్సిన పని చాలా ఉంది. దాన్ని అందరూ దాటేస్తున్నారు.

మందులకు లొంగని ఆస్తమా అని మనం అనుకునేదంతా నిజంగా మొండి జబ్బు కాదు. నెదర్లాండ్స్‌లో జరిగిన ఒక సర్వేలో ఆస్తమా ఉన్న పెద్దవాళ్లలో నూటికి 17 మందికి పెద్ద మోతాదు మందులు రాసిచ్చినా జబ్బు అదుపులో లేదని తేలింది. మందు సరిగ్గా, క్రమం తప్పకుండా పీల్చినా తగ్గనివాళ్లు వారిలో నలుగురి లోపే. మిగతావాళ్లకు మందు ఊపిరితిత్తుల దాకా చేరడం లేదు, లేదా చేరాల్సినంత చేరడం లేదు.

దీన్ని కనిపెట్టడానికి యంత్రాలేవీ అక్కర్లేదు. రోగి ఇంటి నుంచి తెచ్చుకున్న ఇన్హేలర్‌ను ఆయన చేతే పీల్పించి చూస్తే చాలు. స్ప్రే రకమైతే బాగా కుదిపి, గాలి పూర్తిగా వదిలి, పెదాలు బిగించి, పీల్చడం మొదలవుతుండగా నొక్కాలి. మూడు నుంచి అయిదు సెకన్ల పాటు మెల్లగా లోపలికి లాగి, పది సెకన్లు ఊపిరి బిగబట్టాలి. నొక్కాక నోటి నుంచో ముక్కు నుంచో పొగలా బయటికొస్తే మందు వృథా అయినట్టే. స్పేసర్ గొట్టం తగిలిస్తే ఈ తిప్పలు చాలావరకు తప్పుతాయి. దాన్ని సబ్బు నీళ్లలో ముంచి అలాగే ఆరనివ్వాలి. గుడ్డతో తుడిస్తే స్టాటిక్ కరెంటు పుట్టి మందు గోడలకే అంటుకుంటుంది. క్యాప్సూల్ వేసి తిప్పే పొడి రకానికి పద్ధతి దీనికి పూర్తిగా తిరగబడుతుంది. దాన్ని ఒక్క ఊపున, బలంగా లాగాలి. అందులోకి ఊదితే తేమకు పొడి గడ్డకడుతుంది. రెండు రకాలూ ఒకరికే రాసిచ్చి, తేడా చెప్పకుండా పంపించేస్తే రోగిని తప్పుబట్టి లాభం లేదు. క్యాప్సూల్‌ను మాత్రలా మింగేసేవాళ్లూ ఉన్నారు!

తర్వాత బిల్లులు చూడాలి. 120 పఫ్‌ల కంట్రోలర్ (వాపు తగ్గించడానికి రోజూ వాడాల్సిన స్టెరాయిడ్ ఇన్హేలర్) డబ్బా రోజుకు నాలుగు పఫ్‌ల లెక్కన 30 రోజులకు అయిపోవాలి. మూడు నెలలైనా అదే డబ్బా నడుస్తోందంటే మోతాదు పెంచడం దండగ. నీలం ఇన్హేలర్‌ది ఎదురు లెక్క. అందులోని సాల్బుటమాల్ మందు శ్వాస గొట్టాలను కొన్ని గంటలు తెరుస్తుందే తప్ప వాపును ముట్టుకోదు. 200 పఫ్‌ల డబ్బాలు ఏడాదికి మూడు ఖర్చయితేనే ఎటాక్‌ల ముప్పు పెరిగినట్టు, నెలకొకటి అయితే ప్రాణాపాయమూ పెరిగినట్టు. అందుకే పెద్దవాళ్లకు ఆ ఒక్కదానితోనే వైద్యం వద్దని ఆస్తమాపై గినా సంస్థ ఇచ్చే అంతర్జాతీయ మార్గదర్శకాలు 2019 నుంచీ చెబుతున్నాయి.

ఇన్హేలర్ అలవాటైపోతుందని భయపడేవాళ్లే బిళ్లలు మాత్రం ధైర్యంగా మింగేస్తారు. ఇన్హేలర్‌లో రోజుకు 800 మైక్రోగ్రాముల బుడెసొనైడ్ అనే స్టెరాయిడ్ పీల్చేవారు ఒక్క 40 మిల్లీగ్రాముల ప్రెడ్నిసొలోన్ మోతాదు వేసుకుంటే, బరువు లెక్కన అది 50 రెట్లు. రెండు మందుల బలం ఒకటి కాదు నిజమే, కానీ పీల్చింది చాలావరకు ఊపిరితిత్తుల్లోనే పని చేస్తుంది, బిళ్ల ఒళ్లంతా తిరుగుతుంది. అయిదు రోజుల కోర్సు 200 మిల్లీగ్రాములు, అయిదు కోర్సులకు ఒక గ్రాము. జీవితకాలం మొత్తం మీద ఆ గీత దాటితే షుగరు, ఎముకలు గుల్లబారడం, కంటి శుక్లాలు ఎక్కువవుతాయి. ఇన్హేలర్‌తో జాగ్రత్త పడాల్సింది నోటిపూత గురించి. పీల్చిన ప్రతిసారీ పుక్కిలించి ఉమ్మేస్తే సరి.

అసలిది ఆస్తమాయేనా అన్నది కూడా చూడాలి. స్పైరోమెట్రీలో, అంటే యంత్రంలోకి ఊదించి చేసే శ్వాస పరీక్షలో, సాల్బుటమాల్ ఇచ్చాక మొదటి సెకనులో ఊదే గాలి కనీసం 12 శాతం, 200 మిల్లీలీటర్లు పెరగాలి. మందుల మీద ఉన్నప్పుడు పరీక్ష మామూలుగా వచ్చినంత మాత్రాన ఆస్తమా లేదనలేం. అలాంటప్పుడు ఊదే గాలి వేగాన్ని కొలిచే పీక్ ఫ్లో మీటరు ఇచ్చి, రెండు వారాలు పొద్దున, రాత్రి మూడేసి సార్లు ఊదించి పెద్ద అంకె రాయించాలి. పొద్దున 300, రాత్రి 380 ఉంటే తేడా 80, సగటు 340, అంటే 23 శాతం పైనే. రోజువారీ తేడాల సగటు 10 శాతం దాటితే ఆస్తమా వైపు మొగ్గినట్టే. పొగతాగేవారికి శ్వాస గొట్టాలు మూసుకుపోయే సి.ఓ.పి.డి., గుండె నీరసం, ఆ గొట్టాలు దెబ్బతిని వెడల్పయ్యే బ్రాంకియెక్టాసిస్ కూడా ఆస్తమా వేషంలో వస్తాయి. అపార్ట్‌మెంట్ డక్టుల్లో పావురాల రెట్ట వల్ల వచ్చే ఊపిరితిత్తుల వాపూ అంతే.

"మా ఊరు అనంతపురం వెళ్తే తగ్గిపోతుంది" అన్నారంటే అది విలువైన ఆధారం. కానీ దానికి ఊరంతటి గాలే కారణం కానక్కర్లేదు. పీణ్య పారిశ్రామిక వాడలో స్ప్రే పెయింటు కొట్టేవారికి అందులోని ఐసొసయనేట్ రసాయనాలు, బేకరీ పనివారికి పిండి ధూళి కారణం కావచ్చు. సెలవు రోజున నెమ్మదించి, పనిలోకి వెళ్లగానే పెరుగుతుంటే పని చోటే వెతకాలి. తడి గోడల బూజు, పరుపుల్లో కంటికి కనిపించని డస్ట్ మైట్ పురుగులు, ఖాళీ సైట్లలో వయ్యారిభామ సరేసరి. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు, గ్లాకోమాకు (కంట్లో ఒత్తిడి పెరిగే జబ్బు) వాడే టిమొలాల్ కంటి చుక్కలు కూడా ఆస్తమాను రెచ్చగొట్టగలవు, కానీ వాటి గురించి అడిగేవారే తక్కువ.

ఇవన్నీ చక్కబెట్టినా మూడు నుంచి ఆరు నెలల్లో అదుపు రాకపోతే అప్పుడది నిజమైన మొండి ఆస్తమా. రక్తంలో ఈసినోఫిల్స్ (అలర్జీలో పెరిగే తెల్లకణాలు), మొత్తం ఐజీఈ (అలర్జీ యాంటీబాడీ), ఆస్పర్‌జిల్లస్ ఐజీఈ పరీక్షలు ఆ దశలో తప్పనిసరి. ప్రెడ్నిసొలోన్ వాడుతుండగా రక్తం తీస్తే ఈసినోఫిల్స్ పడిపోయి కనిపిస్తాయి, దాంతో ఇంజెక్షన్ ఎంపికే తప్పిపోతుంది. గోధుమరంగు గట్టి కఫం పడేవాళ్లకు ఆస్పర్‌జిల్లస్ ఫంగస్‌తో వచ్చే ఏ.బి.పి.ఎ. అనే ఊపిరితిత్తుల అలర్జీ జబ్బు ఉండొచ్చు. మన దేశంలో దీన్ని టీబీ అనుకుని నెలల తరబడి ఆ మందులు వాడించిన సందర్భాలు తక్కువేం కాదు. దీనికి పద్ధతి ప్రకారం స్టెరాయిడ్, లేదా ఇట్రకొనజోల్ అనే ఫంగస్ మందు నెలల పాటు ఇస్తారు.

ఇంజెక్షన్లకు నేను వ్యతిరేకిని కాను. సరైన మనిషికి పడితే బిళ్లల అవసరమే తగ్గిస్తాయి. అధికారులను అడిగేవి మూడు. చీటీ లేకుండా స్టెరాయిడ్ బిళ్లలు అమ్మే షాపులపై ఔషధ నియంత్రణ శాఖ తనిఖీలు పెట్టాలి. ప్రతి నమ్మ క్లినిక్‌లో (ప్రభుత్వ ఉచిత క్లినిక్) పీక్ ఫ్లో మీటరు, నేర్పడానికి మందులేని డెమో ఇన్హేలర్ ఉంచాలి. నెబులైజర్ పెట్టి ఇంటికి పంపే ఎమర్జెన్సీ విభాగాలు స్టెరాయిడ్ ఇన్హేలర్ చేతికివ్వకుండా, వారం లోపు మళ్లీ రమ్మని తేదీ రాయకుండా ఎవరినీ పంపకూడదు. ఆ కాగితం కన్నడ, ఇంగ్లిషులతో పాటు తెలుగులోనూ ఉంటే కట్టడం పనులకు వచ్చిన రాయలసీమ కూలీలకు పనికొస్తుంది. చదవలేనివారికి బొమ్మలు వేయించండి.

భవదీయుడు,
ఊపిరితిత్తుల వైద్యుడు, బెంగళూరు