ఒక్క చెక్కుకు ఇన్ని గడువులా?

సంపాదకులకు నమస్కారం.

పోయిన వారం మీ ప్రవాస పేజీలో అమెరికాలో మరిచిపోయిన డబ్బు మీ పేరు మీద ఉందేమో చూసుకోండి అని వేశారు. మంచి వార్తే, కాదనను. సొంతదారు కొన్నాళ్లు తీసుకోకపోతే ఆ డబ్బును కంపెనీ రాష్ట్ర ప్రభుత్వానికి అప్పజెప్పాలి, తర్వాత సొంతదారు అక్కడ అడిగి తీసుకోవాలి. కానీ ఆ డబ్బు లెక్కగట్టి రాష్ట్రాలకు పంపే మాలాంటి వాళ్ల అవస్థ గురించి ఒక్క ముక్క లేదు. డాలస్ పక్కన ఇర్వింగ్‌లో చిన్న ఐటీ కన్సల్టింగ్ కంపెనీకి 11 ఏళ్లుగా లెక్కలు చూస్తున్నాను. మా వాళ్లు పట్టుమని నలభై మంది లేరు, ఉండేది మాత్రం ఏడు రాష్ట్రాల్లో.

నా డ్రాయర్లో ఒక కవరు ఉంది. ప్రాజెక్టు అయిపోయి ఇండియా వెళ్లిపోయిన ఒక అబ్బాయి ఆఖరి జీతం, 412 డాలర్లు. బ్యాంకు అకౌంటు ముందే మూసేసుకున్నాడు, కాగితం చెక్కు రాసి జెర్సీ సిటీకి పంపితే పోస్టాఫీసు పసుపు స్టిక్కర్ అంటించి వెనక్కి కొట్టింది. కంపెనీ టెక్సాస్‌దే అయినా మా పుస్తకాల్లో అతని ఆఖరి అడ్రస్ న్యూజెర్సీది కాబట్టి అక్కడికే కట్టాలి. 1965లో అమెరికా సుప్రీంకోర్టు చెప్పిన పద్ధతి అది, దాంతో నాకు పేచీ లేదు.

టెన్షన్ అంతా తేదీలతోనే. తీసుకోని జీతం టెక్సాస్‌లో ఏడాది దాటితే చాలు, రాష్ట్రానికి అప్పజెప్పాలి; న్యూయార్క్‌లో మూడేళ్లు, డెలావేర్‌లో అయిదేళ్లు. రిపోర్టు డెలావేర్‌కు మార్చి 1, న్యూయార్క్‌కు మార్చి 10, పెన్సిల్వేనియాకు ఏప్రిల్ 15, ఫ్లోరిడాకు ఏప్రిల్ నెలాఖరు, టెక్సాస్‌కు జులై 1, న్యూజెర్సీకి నవంబరు 1. కాలిఫోర్నియా అయితే నవంబరు 1 లోపు రిపోర్టు ఒక్కటే తీసుకుంటుంది, డబ్బు మళ్లీ వచ్చే జూన్ 1-15 మధ్య పంపాలి, ఆలస్యమైతే ఏడాదికి 12 శాతం వడ్డీ. వీటన్నిటికీ ముందు సొంతదారుకు ఉత్తరం రాయాలి, అది ఎన్నాళ్ల ముందు రాయాలో కూడా తలా ఒక రూలు.

ఇలాంటి డబ్బు గురించి రాష్ట్రాలన్నీ వాడుకోవడానికి ఉమ్మడి నమూనా చట్టం 1954 నుంచే ఉంది, 2016లో మళ్లీ రాశారు. కొన్ని రాష్ట్రాలు తీసుకున్నాయి, కొన్ని తీసుకోలేదు, తీసుకున్నవి కూడా ఎవరికి తోచినట్టు వాళ్లు మార్చుకున్నాయి. రిపోర్టు పంపే ఫైల్ ఫార్మాట్ మాత్రం దాదాపు అందరూ ఒకటే పెట్టుకున్నారు. అది కుదిరినప్పుడు తేదీ ఎందుకు కుదరదు? పెద్ద కంపెనీలకు ఈ పనికి వేరే మనుషులుంటారు, నాకున్నది గోడ మీద క్యాలెండరు. ఒక రాష్ట్రం ఆఫీసుకు ఫోన్ చేస్తే యాభై నిమిషాలు లైన్లో ఉంచి వెబ్‌సైట్ చూడమన్నారు. అక్కడ అర్థం కాకే కదా ఫోన్ చేసింది! పన్నులు కట్టేది ఇలా మాట పడటానికా అని ఆ రోజు ఏడుపొచ్చింది.

ఇంకో మాట, ఇది మీ వార్తలో ఉండాల్సింది. మనవాళ్ల ఇంటిపేరు పేరోల్‌లో ఒకచోట ముందు, ఒకచోట వెనక, ఇంకోచోట ఒట్టి పొడి అక్షరం. వెతికేటప్పుడు అన్ని రకాలుగా, ఉండొచ్చిన ప్రతి రాష్ట్రంలో వెతకాలి. రాష్ట్రం దగ్గర నేరుగా క్లెయిమ్ చేసుకోవచ్చు, కమిషన్ అడిగే వాళ్ల జోలికి పోనక్కర్లేదు.

ఆ అబ్బాయికి రెండు మెయిళ్లు పెట్టాను, పాత రూమ్మేట్‌కు కబురు చేశాను. ఇది చదివితే నవంబరు 1 లోపు పాత ఆఫీసుకు ఒక్క మెయిల్ పెట్టమనండి, చెక్కు నేనే పంపిస్తాను.

ఒక పాఠకురాలు,
ఇర్వింగ్, టెక్సాస్