పరామర్శకు వెళ్లే విశ్వాసులకు ఒక మనవి

సంపాదకులకు నమస్కారం.

మరణం జరిగిన ఇంటికి పరామర్శకు వెళ్లే క్రైస్తవుల్లో చాలామంది ఒక వాగ్దాన వచనాన్ని నోట్లో సిద్ధంగా పెట్టుకునే గడప దాటతారు. ఉద్దేశం మంచిదే. కానీ ఆ మాట అవతలి మనిషి చెవికెక్కే వేళ అప్పటికి వచ్చి ఉండదు. సంఘాల్లో పరామర్శ సేవ చేసేవారిగా, పాస్టర్లకూ పెద్దలకూ స్నేహం కొద్దీ వెళ్లేవారికీ కొన్ని సంగతులు చెప్పాలని ఈ ఉత్తరం.

దుఃఖాన్ని బైబిలు తొందరపెట్టదు. 150 కీర్తనల్లో దాదాపు మూడో వంతు మొరలే. మోషే కోసం ఇశ్రాయేలీయులు 30 దినాలు ఏడ్చారు. చనిపోయిన లాజరును కాసేపట్లో లేపబోతున్నానని తెలిసి కూడా యేసు కన్నీళ్లు విడిచాడు. పిల్లల్నీ ఆస్తినీ పోగొట్టుకున్న యోబు దగ్గరికి వచ్చిన స్నేహితులు ముగ్గురూ ఏడు పగళ్లు, ఏడు రాత్రులు అతని పక్కన నేల మీద కూర్చున్నారు, ఒక్క మాట మాట్లాడలేదు. వాళ్లు చేసిన మంచి పని అదొక్కటే. నోరు తెరిచాకే చెడింది. చివరికి దేవుని కోపం రగిలింది కూడా తన మీద అంతగా మొరపెట్టుకున్న యోబు మీద కాదు, తన తరఫున వాదించిన ఆ ముగ్గురి మీద.

అందుకే మొదటిసారి వెళ్లినప్పుడు పదిహేను, ఇరవై నిమిషాలు చాలు. పోయినవారి పేరు పలకండి. పేరెత్తితే ఏడుస్తారేమోనని చాలామంది దాటేస్తారు. వాళ్లు ఎలాగూ ఏడుస్తూనే ఉన్నారు, ఆ పేరు ఇంకొకరి నోట వినబడకపోవడమే వాళ్లకు ఎక్కువ బాధ. ఎలా జరిగింది, ఎన్నింటికి జరిగింది అని ఆరా తీయకండి, వచ్చిన ప్రతివారికీ అదే కథ చెప్పి చెప్పి వాళ్లు అలిసిపోయి ఉంటారు. ప్రార్థన చేయమంటారా అని అడిగి, సరే అంటేనే చేయండి. ఒక్క నిమిషం చాలు. దేవునికి చెబుతున్నట్టు మొదలుపెట్టి, కళ్లు మూసుకున్నవారికి ప్రసంగం చేసే అలవాటు మనలో చాలామందికి ఉంది. దుఃఖంలో ఉన్నవారు దాన్ని ఇట్టే పట్టేస్తారు.

"ఏదైనా అవసరమైతే ఫోన్ చేయండి" అనే మాట వల్ల ఎవరికీ ఉపయోగం లేదు. ఏం కావాలో ఆలోచించి, ఎవరిని అడగాలో తేల్చుకుని, మొహమాటం దాటి అడిగే శక్తి వాళ్లకు ఆ రోజుల్లో ఉండదు. "రేపు ఉదయం ఎనిమిదింటికి వచ్చి పిల్లల్ని బడిలో దింపుతాను", "బ్యాంకు పనికి గురువారం మీతో వస్తాను" అని ఏ రోజో, ఏ వేళకో చెప్పి, ఆ వేళకు వెళ్లండి.

ఇక వచనాల సంగతి. దుఃఖంలో ఉన్నవారికి ఎక్కువ గాయం చేసేవి తప్పు వచనాలు కావు, తప్పుగా వాడిన మంచి వచనాలు. "భరించలేనిది దేవుడు ఇవ్వడు" అంటూ 1 కొరింథీ 10:13 ఎత్తుతారు. అక్కడ పౌలు మాట్లాడుతున్నది విగ్రహారాధన, వ్యభిచారం, సణుగుడు గురించి. పాపంలోకి లాగే ప్రేరేపణ అక్కడి విషయం. ఆ వచనంలో ఉన్న శోధన అనే మాటను కష్టానికీ ప్రేరేపణకూ కూడా వాడతాం కాబట్టి ఈ పొరపాటు మన దగ్గర తేలిగ్గా జరుగుతుంది. అదే పౌలు 2 కొరింథీ 1:8లో "మా శక్తికి మించిన అత్యధిక భారమువలన క్రుంగిపోతిమి" అని, బతుకుతామన్న నమ్మకం కూడా పోయిందని రాశాడు. భరించలేకపోతున్నానని ఏడుస్తున్నవారికి చూపించాల్సిన వచనం అది.

1 థెస్సలొనీక 4:13ను "దుఃఖపడకుడి" అన్న ఒక్క మాటకు కుదించేస్తారు. అక్కడున్నది "నిరీక్షణలేని ఇతరులవలె" దుఃఖపడకూడదని. దుఃఖం ఉంటుంది, దాని పక్కనే నిరీక్షణ ఉంటుంది. రోమా 8:28 సమస్తమూ మేలుకై సమకూడి జరుగుతున్నాయంటుంది గానీ, జరిగినవన్నీ మంచివే అనదు. ఏళ్ల తర్వాత ఆ మనిషి తానే వెనక్కి చూసుకుని చెప్పుకోగలిగితే అది సాక్ష్యం. సమాధి మట్టి ఆరకముందే పక్కవాడు చెబితే దెబ్బ.

దేవుడు తన తోటకు మంచి పువ్వును కోసుకున్నాడనే ఓదార్పు ఏ వచనంలోనూ లేదు. 1 కొరింథీ 15:26 మరణాన్ని కడపటి శత్రువు అంటుంది. "ఇంకా పిల్లలున్నారుగా" అన్న మాట కూడా వద్దు. యోబు గ్రంథం చివర గొర్రెలు 7,000 నుంచి 14,000 అయ్యాయి, ఒంటెలూ ఎద్దులూ రెండింతలయ్యాయి. పిల్లలు మాత్రం మళ్లీ పదిమందే. చనిపోయిన పదిమంది లెక్కలోంచి పోలేదు కాబట్టే రెట్టింపు చేయలేదని కొందరు చదువుతారు, ఆ చదువు మాకు నచ్చుతుంది.

దుఃఖంలో ఏకాగ్రత ఉండదు. రోజుకో అధ్యాయం చదవమంటే చదవలేక, దానికి తోడు తప్పు చేశామన్న బాధ ఒకటి. 13వ కీర్తన ఆరు వచనాలే. మొదటి రెండింటిలో "ఎన్నాళ్లు" అన్న నిలదీత నాలుగుసార్లు వస్తుంది. తర్వాతి రెండూ మనవి, చివరి రెండూ నమ్మకం. మీరే పైకి చదివి వినిపించండి. రాసే అలవాటున్నవారైతే అదే వరుసలో తమ మాటల్లో రాసుకోమనండి: ముందు ఫిర్యాదు, తర్వాత కావలసింది, చివర నమ్మకం. మూడో భాగం రాకపోతే ఖాళీగా వదిలేయమనండి. 88వ కీర్తనలో ఆ భాగం లేనే లేదు. "చీకటియే నాకు బంధువర్గమాయెను" అన్నచోట అది ఆగిపోతుంది, అయినా దాన్ని ఎవరూ బైబిల్లోంచి తీసేయలేదు. ప్రార్థనే రావడం లేదనేవారికి రోమా 8:26 చాలు. మాటలు లేనప్పుడు మూలుగులతో పరిశుద్ధాత్మే విజ్ఞాపన చేస్తాడని ఉంది. ఈలోగా వారి బదులు సంఘం ప్రార్థిస్తుంది.

పిల్లలతో మాట్లాడేటప్పుడు "ప్రభువునందు నిద్రించారు" అనకండి. ఆ మాట విన్న పిల్లలు పడుకోవడానికి భయపడతారు, లేదా నాన్న ఎప్పుడు లేస్తాడని అడుగుతారు. లాజరు నిద్రిస్తున్నాడని యేసు అంటే పెద్దవాళ్లయిన శిష్యులే అపార్థం చేసుకున్నారు. అప్పుడాయన చనిపోయాడని స్పష్టంగా చెప్పాడు. పిల్లలకూ అలాగే చెప్పాలి. ప్రభువు తీసుకెళ్లాడంటే తర్వాత తననో అమ్మనో తీసుకెళ్తాడని ఆ పసిమనసు దేవునికే జడుస్తుంది.

దుఃఖం వేరు, నిరాశలో మునిగిపోవడం వేరు. దుఃఖం అలల్లా వస్తుంది, మధ్యలో ఊపిరి తీసుకునే చోటుంటుంది. రెండు వారాలకు మించి దాదాపు రోజంతా, ప్రతిరోజూ ఏదీ రుచించక, నిద్రా ఆకలీ తప్పి, తాను దేనికీ పనికిరాననే మాటే తిరుగుతుంటే డాక్టరుకు చూపించాలి. మందులు పని మొదలుపెట్టడానికి కొన్ని వారాలు పడుతుంది, మధ్యలో ఉన్నట్టుండి మానేస్తే ఇబ్బందులొస్తాయి. "ప్రార్థన చేశాంగా, ఇక మాత్రలెందుకు" అని ఆపించే హక్కు ఏ సేవకునికీ లేదు.

పోయినవారి దగ్గరికి వెళ్లిపోతానన్న మాట వినబడితే మాట మార్చకండి. "చనిపోవాలని అనిపిస్తోందా?" అని నేరుగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. అవునంటే, ఎలాగో ఆలోచించారా అని కూడా అడగండి. ఒంటరిగా వదలకండి, హాని చేసుకోవడానికి వీలయ్యేవి అందకుండా తీసేయండి, ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఎవరికీ చెప్పనని మాత్రం మాటివ్వకండి. ఆత్మహత్య పాపమని అప్పుడు మొదలుపెడితే ఆ మనిషి ఇంకెప్పుడూ మీతో నిజం చెప్పడు. మోషే, ఏలీయా, యోనా ముగ్గురూ చావు కోరుతూ ప్రార్థించినవాళ్లే. బదరీవృక్షం కింద పడుకున్న ఏలీయాకు దేవదూత గద్దింపు తేలేదు. నిద్రపోనిచ్చి, రొట్టె, నీళ్లు ఇచ్చి, మళ్లీ నిద్రపోనిచ్చి, మళ్లీ పెట్టాడు. "ఇచ్చట నీవేమి చేయుచున్నావు?" అన్న ప్రశ్న 40 రోజుల నడక తర్వాత, హోరేబు కొండ మీద వచ్చింది.

మనుషుల రాకపోకలు రెండు మూడు వారాల్లో పలచబడతాయి, అసలు ఖాళీ అప్పుడు తెలుస్తుంది. పుట్టినరోజు, పెళ్లిరోజు, మొదటి క్రిస్మస్, సంవత్సరీకం తేదీలను సంఘంలో ఒకరు క్యాలెండరులో గుర్తు పెట్టుకుని, ఏడాదిపాటు వారానికోసారి ఫోన్ చేసే పని తీసుకోవాలి. ఆ ఒకరెవరో పేరుతో సహా తేల్చకపోతే అందరూ ఇంకెవరో చేస్తున్నారనుకుంటారు.

ఆదరణ కూడికలు నడిపే పాస్టర్లకు ఒక విన్నపం. ప్రసంగాన్ని పదిహేను నిమిషాల్లో ముగించి, ఒక్కసారైనా 88వ కీర్తనను చివరి మాట దాకా చదవండి. చదివాక వెంటనే పాట ఎత్తుకోకండి. ఒక నిమిషం అందరినీ ఊరకే కూర్చోనివ్వండి.

ఇట్లు,
సంఘాల్లో పరామర్శ సేవ చేసే కొందరు