‘తదుపరి దశలో పరిశీలించడం జరుగుతుంది’

సంపాదకులకు నమస్కారం.

ప్రభుత్వ ప్రాజెక్టులకు పర్యావరణ ప్రభావ నివేదికను ఒకేసారి కాకుండా దశలవారీగా తయారుచేస్తే ఆలస్యం తగ్గుతుందని మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. ఆ పద్ధతితో నాకు పేచీ లేదు. కాకపోతే ఇలాంటి నివేదికల్లో నీటి అధ్యాయాలు రాసి రిటైరైనదాన్ని. వ్యాసంలో రాని సంగతి ఒకటి నాకు తెలుసు, అందులో నా తప్పు కూడా ఉంది.

పద్ధతి మంచిదే. పదిహేనేళ్లు సాగే ప్రాజెక్టులో ఏ స్తంభం ఎక్కడ వస్తుందో మొదటిరోజే ఎవరికీ తెలియదు. తెలిసినట్టు రాస్తే అది కాకి లెక్క. అందుకే ముందు పెద్ద ప్రశ్నలు తేల్చుకోవాలి: అసలు ఈ రోడ్డు కావాలా, రైలుతో సరిపోతుందా, ఏ వైపు నుంచి పోతే నష్టం తక్కువ? వంతెనలు, తూములు, మట్టి ఎక్కడ పోయాలి వంటివి ఆ తర్వాత ఒక్కో భాగానికి విడిగా చూసుకోవచ్చు. అమెరికాలో 1970 నుంచి పర్యావరణ విధాన చట్టం ఉంది. దాని కింద 1978లో వచ్చిన నిబంధనలు ఈ పద్ధతికి ‘టియరింగ్’ అని పేరు పెట్టాయి. యూరోపియన్ యూనియన్ 2001లో ఇంకో అడుగు ముందుకేసి, ప్రాజెక్టుల కంటే ముందు వాటికి దారి వేసే ప్రణాళికలనే అంచనా వేయాలంది.

ఇక నా సంగతి. అదొక రహదారి ప్రాజెక్టు. మొదటి దశలో నీటి అధ్యాయం నాది. మార్గానికి అడ్డంగా చిన్న వాగు ఒకటి ఉంది. మేం వెళ్లింది వేసవిలో. పాదం మునిగేంత నీళ్లు, అంతే. కానీ గట్టు మీద చెట్టు కొమ్మకు, సరిగ్గా నా భుజం ఎత్తులో, ఎండుగడ్డి, పుల్లలు, ఒక చిరిగిన ప్లాస్టిక్ సంచి చుట్టుకుని వేలాడుతున్నాయి. వరద ఎంత ఎత్తున వచ్చిపోయిందో చెప్పడానికి అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. ఫొటో తీశాను. వానాకాలం దాకా ఆగి ప్రవాహం కొలుద్దామంటే గడువు లేదన్నారు. అప్పుడు నా చేత్తో రాసిన వాక్యం ఇది: “వాగు వర్షాకాలపు ప్రవాహాన్ని తదుపరి దశలో పరిశీలించడం జరుగుతుంది.”

ఈ ‘జరుగుతుంది’ అనేది మన ఆఫీసు భాషలో గొప్ప సదుపాయం. ఎవరు చేస్తారో చెప్పక్కర్లేదు, ఎప్పుడో అసలే చెప్పక్కర్లేదు.

మూడేళ్లకు రెండో దశ నివేదిక వచ్చింది. రాసినవాళ్లు వేరు. అందులో వాగు గురించి ఒకే ఒక్క వాక్యం: “ఈ అంశం మొదటి దశ నివేదికలో చర్చించబడినది.” నిజమే, వాగు పేరు నేను రాశాను కదా! వేసవి కొలతలకే తూము కట్టారు. తొలి పెద్ద వానకు రోడ్డుకు ఎగువన ఉన్న పొలాల్లో నీళ్లు పదకొండు రోజులు నిలిచాయి. సంచి ఫొటో రెండు నివేదికల్లో దేనిలోనూ లేదు.

జనాన్ని పిలిచే సభల్లోనూ ఇదే తంతు. మొదటి సభలో ఎవరైనా తమ బావి గురించి అడిగితే, “ఇప్పుడే అంత వివరం ఎందుకండీ” అంటారు. రెండో సభలో “అలైన్‌మెంట్ (రోడ్డు పోయే మార్గం) ఖరారైపోయింది కదండీ” అంటారు. ఆ బావి గురించి ఏ రోజు అడగాలి మరి?

దశలు వేరు, ముక్కలు వేరు. పెద్ద ప్రాజెక్టును చిన్న ముక్కలుగా కోసి, ఏ ముక్కా పరిమితి దాటలేదు కాబట్టి సమీక్షే వద్దనడం ఎత్తుగడ. 1999లో యూరోపియన్ న్యాయస్థానం ఐర్లాండ్‌ను తప్పుపట్టింది ఇందుకే. అక్కడ పీట్ (చిత్తడి నేలల్లో కుళ్లిన మొక్కలతో పేరుకునే, ఇంధనంగా వాడే మట్టి) తవ్వకం, అడవుల పెంపకం వంటి వాటికి విస్తీర్ణం పరిమితి పెట్టి, ముక్కలు చేసి తప్పించుకోకుండా కట్టుదిట్టం చేయలేదు.

పాత నివేదికకు వయసు కూడా ఉంటుంది. అమెరికా 2023లో చేసిన సవరణ ప్రకారం ముందటి దశ విశ్లేషణ మీద ఐదేళ్ల వరకు ఆధారపడవచ్చు, కొత్త పరిస్థితులేవీ ఎదురుకాకపోతే. ఐదేళ్లు దాటితే దాన్ని మళ్లీ పరిశీలించాలి. ఐదేళ్లు నాకు కాస్త ఎక్కువే అనిపిస్తుంది. ఒక్క వరదకు వాగు దారి మార్చుకోవచ్చు. అయినా ఏదో ఒక అంకె ఉండటం నయం.

నేను అడిగేది ఒక్క పేజీ. మొదటి దశ నివేదిక చివర ఒక పట్టిక పెట్టండి. వాయిదా వేసిన ప్రతి అంశం, ఎందుకు వాయిదా వేశారు, ఏ దశలో ఏ నెలలోగా ఎవరు చూస్తారు. రెండో దశ నివేదిక ఆ పట్టికతోనే మొదలవ్వాలి, ఒక్కో వరుసకు ఎదురుగా జవాబున్న పేజీ నంబరు వేసి. ఒక్క గడి ఖాళీగా ఉన్నా అనుమతి ఆగాలి. దీనికి కొత్త చట్టం కూడా అక్కర్లేదు. నివేదిక అప్పగించేటప్పుడు కాంట్రాక్టులో రెండు లైన్లు రాస్తే చాలు.

ఈలోగా మీ విలేకరులకు ఒక మనవి. ఏ ప్రాజెక్టు నివేదిక చేతికొచ్చినా ‘తదుపరి దశ’ అన్న మాట ఎన్నిసార్లు ఉందో లెక్కపెట్టి ఆ అంకె వార్తలో వేయండి.

– ఒక విశ్రాంత హైడ్రాలజిస్టు