నీడ ఉన్నా మట్టి ఆగడం లేదు

సంపాదకులకు నమస్కారం.

పోడు కొట్టిన కొండ వానకు కోసుకుపోతుంది, అదే కొండ మీద చెట్ల నీడన కాఫీ వేస్తే మట్టి నిలుస్తుంది అని మన్యంలో ఏ సమావేశానికి వెళ్లినా చెబుతారు. పోడుతో పోలిస్తే నిజమే, కాదనను. కానీ పైన చెట్టుంది కదా అని కింద నేలను ఎవరూ పట్టించుకోవడం లేదు.

కాఫీకి నీడ కోసం మేం పెంచే సిల్వర్ ఓక్ చెట్టు నలభై, యాభై అడుగులు దాటి పెరుగుతుంది. ఆకుల మీద చేరిన నీరు పెద్ద చుక్కలై అంత ఎత్తు నుంచి పడితే మామూలు చినుకు కన్నా గట్టిగానే కొడుతుంది. కింద రాలిన ఆకు, గడ్డి ఉంటే ఆ దెబ్బ అవి కాసుకుంటాయి. తోట శుభ్రంగా కనిపించాలని పారతో గోకేసి, ఆకు ఊడ్చేసిన చోట దెబ్బంతా మట్టికే. జులైలో పాడేరు వైపు ఏటవాలు తోటలోకి వెళ్లి, కాస్త వంగి చూడండి. చిన్న చిన్న గులకరాళ్లు అర అంగుళం మట్టి దిమ్మెల మీద నిలబడి ఉంటాయి. రాయి కప్పినంత మేర మట్టి మిగిలింది, చుట్టూ ఉన్నది పోయింది. కాఫీ మొక్కల పీచువేళ్లు బయటపడి ఉంటాయి. కింద గెడ్డ ఎర్రగా పారుతుంటుంది.

నత్రజని, సేంద్రియ పదార్థం ఎక్కువగా ఉండేది పై పొరలోనే, ముందు పోయేదీ అదే. మా తోటల్లో రసాయన ఎరువులు చాలామంది వేయరు. 2019లో అరకు కాఫీకి భౌగోళిక గుర్తింపు వచ్చిందని సంబరపడ్డాం, బాగానే ఉంది. మరి పోయిన సారం ఎక్కడి నుంచి తిరిగి రావాలి? కాఫీ పండును తొక్క తీయకుండా పండుగానే అమ్మేస్తే తొక్కలోని పొటాష్ కూడా తోట దాటిపోతుంది.

అల్లం, పసుపుతో ఇంకా టెన్షన్. వానలకు ముందు వాలు నేలను గుల్ల చేసి నాటుతాం, దుంప కోసం మళ్లీ తవ్వుతాం. పైన పనసో మామిడో ఉన్నంత మాత్రాన గుల్లబారిన మట్టి ఆగదు. అనంతగిరి కొండల బురద గోస్తని నదిలో పడి తాటిపూడి జలాశయం వైపే పోతుంది. ఆ నీళ్లు తాగే విశాఖ వాళ్లకూ ఇది పట్టాలి.

చేయాల్సినవి రైతులకు తెలియనివేం కావు. కలుపును కొడవలితో కోసి అక్కడే పరచాలి. వాలుకు అడ్డంగా కందకాలు తీస్తే అందులో చేరిన మట్టిని మళ్లీ మొదళ్లకు ఎక్కించుకోవచ్చు. మిరియం పాదు పాకడానికి బాగుంటుందని ఓక్ ఒక్కటే నింపేయకుండా పనస, నేరేడు కూడా కలపాలి. ఓక్ ఆకు బిరుసు, తొందరగా కుళ్లదు.

అయితే కొండవాలున కందకం తవ్వడం కూలి ఖర్చుతో కూడిన పని. తోట కాపుకొచ్చేదాకా మూడు నాలుగేళ్లు ఆగాల్సిన గిరిజన రైతు ఆ ఖర్చు ఎక్కడి నుంచి తెస్తాడు? ఐటీడీఏ (సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ) మొక్కలు పంచేటప్పుడే కందకాల కూలిని కూడా ఆ పథకంలో చేర్చాలి. ఎన్ని ఎకరాల్లో నాటారో చెప్పే అధికారులు, పాత తోటల్లో మట్టి పరీక్షల ఫలితాలనూ ఏటా పంచాయతీ ఆఫీసు గోడ మీద అంటించాలి.

– ఒక కాఫీ రైతు,
పాడేరు మండలం, అల్లూరి సీతారామరాజు జిల్లా